సోలార్, గ్రో లైట్, పాలీహౌస్: మార్కులొచ్చే తప్పుడు జవాబు

ఒక్కసారి మీ జీఎస్-3 నోట్సు తీయండి. వ్యవసాయంలో సాంకేతికత అనే పేజీ చూడండి. "సౌరశక్తితో నడిచే ఎల్‌ఈడీ గ్రో లైట్లను పాలీహౌస్‌లలో వాడటం ద్వారా ఏడాది పొడవునా పంటలు పండించి రైతు ఆదాయాన్ని పెంచవచ్చు" అనే వాక్యమో, దానికి తోబుట్టువులాంటి ఇంకో వాక్యమో ఉండే ఉంటుంది. నా నోట్సులోనూ ఉంది. నిరుడు ఒక టెస్ట్ సిరీస్‌లో అదే రాశాను. పక్కన బాక్స్ గీసి సూర్యుడి నుంచి ప్యానెల్‌కు, ప్యానెల్ నుంచి బల్బుకు, బల్బు నుంచి మొక్కకు బాణాలు వేశాను. పేపర్ దిద్దినవారు "గుడ్ వాల్యూ అడిషన్" అని రాసి 15కి 8 ఇచ్చారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. మన ఎండకు, మన పాలీహౌస్‌లకు ఆ వాక్యం తప్పు. జవాబు పత్రంలో అది మార్కులు తెస్తుంది, రైతు దగ్గరికి వెళ్లేసరికి అప్పు తెస్తుంది.

అప్పు మాట ఊరికే అనలేదు.

నేనుండేది సూరత్‌లో, తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్‌లో. నాన్న సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేసి ప్రిపరేషన్‌లో ఉన్నాను. మా మేనమామ సిద్దిపేట వైపు అరెకరం పాలీహౌస్‌లో క్యాప్సికం వేస్తాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అల్లుడా, సోలార్ పెట్టి గీ గులాబీ రంగు లైట్లు ఏస్తే పంట డబుల్ అయితదంటున్నరు. నువ్వు కరెంటు చదువు చదివినవు గదా, నిజమేనా?" అని అడిగాడు. నేను నోట్సు చూసి, "మంచిదే మామా, ఇప్పుడు ప్రపంచమంతా అదే చేస్తోంది" అన్నాను. కాగితం మీద ఒక్క లెక్క కూడా వేయలేదు.

మామ యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చాడు. తర్వాత కొటేషన్ ఫోటో పంపితే అప్పుడు కూర్చుని లెక్క వేశాను. అడ్వాన్స్ తిరిగి రాలేదు. మిగతా పది లక్షలు మాత్రం ఆగాయి. ఆ లెక్కే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. ఇంజనీరింగ్ అక్కర్లేదు, ఇంటర్ స్థాయి గుణకారాలు చాలు.

మొక్క వెలుగును ఎలా కొలుస్తుంది?

మన కంటికి ఎంత వెలుగు ఉందో మొక్కకు అనవసరం. ఆకు మీద రోజుకు ఎన్ని కాంతి కణాలు పడ్డాయన్నదే దానికి లెక్క. ఆ కణాలను మోల్‌లలో లెక్కపెడతారు. చదరపు మీటరుకు రోజుకు ఇన్ని మోల్‌లు అంటారు. క్యాప్సికం, టమాటాలకు 20 నుంచి 30 మోల్‌లు బాగా సరిపోతాయి. ఆకుకూరలకు అంతకన్నా తక్కువ చాలు.

సూరత్‌లో అయినా సిద్దిపేటలో అయినా ఏడాది సగటున చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. మోల్‌లలోకి మారిస్తే దాదాపు 37. పాలీహౌస్ షీటు, దాని మీద దుమ్ము కలిసి నలభై శాతం ఆపేసినా లోపల 22 మోల్‌లు ఉంటాయి. పంటకు కావలసింది ఇప్పటికే ఉంది.

ఇప్పుడు అదే ఎండను ప్యానెల్ మీదుగా తిప్పి తీసుకొద్దాం. చదరపు మీటరు ప్యానెల్ మీద 5 యూనిట్ల ఎండ పడితే, 20 శాతం సామర్థ్యంతో 1 యూనిట్ కరెంటు వస్తుంది. వేడికి, వైర్లకు, ఇన్వర్టర్‌కు పోగా చేతికి 0.8 యూనిట్ మిగులుతుంది. మంచి ఎల్‌ఈడీ గ్రో లైట్ ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 10 మోల్‌ల వెలుగు ఇస్తుంది. అంటే 0.8 యూనిట్‌కు 8 మోల్‌లు. బ్యాటరీ పెడితే ఇంకా తగ్గుతుంది.

నేరుగా మొక్క మీద పడితే 37 మోల్‌లు. ప్యానెల్, బల్బు దారిలో వెళ్తే 8 మోల్‌లు. సూర్యుడు ఉచితంగా ఇచ్చినదాంట్లో ఐదింట నాలుగు వంతులు పోగొట్టుకోవడానికి మనం డబ్బు కడుతున్నాం. దానికి నేను నా జవాబులో బాణాల బొమ్మ వేశాను.

మామ కొటేషన్ కథ

కొటేషన్‌లో ఉన్నది 10 కిలోవాట్ల సోలార్, దానికి తగిన లైట్లు, బ్యాటరీలు. "పంట రెట్టింపు" అని పైన పెద్ద అక్షరాలు. 10 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 40 యూనిట్లు ఇస్తాయి. అరెకరం అంటే దాదాపు 2000 చదరపు మీటర్లు. 40 యూనిట్లను 2000తో భాగిస్తే చదరపు మీటరుకు 0.02 యూనిట్. వెలుగులో చెప్పాలంటే 0.2 మోల్.

మొక్కకు ఇప్పటికే 22 మోల్‌లు అందుతున్నాయి. దానికి 0.2 కలుపుతున్నాం. ఒక్క శాతం కూడా కాదు. నిండు బిందెలో ఉద్ధరిణెడు నీళ్లు పోసి బిందె రెట్టింపైందని చెప్పడమే ఇది. షీటు మీద దుమ్ము ఒకసారి కడిగితే ఇంతకన్నా ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది.

మరి నిజంగా తేడా తెలిసేలా, అంటే రోజుకు 10 మోల్‌లు అదనంగా ఇవ్వాలంటే? చదరపు మీటరుకు ఒక యూనిట్ చొప్పున రోజుకు 2000 యూనిట్లు కావాలి. దానికి 500 కిలోవాట్ల సోలార్ ప్లాంట్ కావాలి. మెగావాట్‌కు నాలుగెకరాలు అనే మామూలు అంచనా తీసుకుంటే రెండెకరాల నేల. అరెకరం పందిరికి వెలుగివ్వడానికి రెండెకరాల్లో ప్యానెళ్లు పరవాలి!

పోనీ, ఆ రెండెకరాలూ, ఆ పెట్టుబడీ మామ దగ్గర ఉన్నాయనుకుందాం. గుజరాత్‌లోనే ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. తమ పంపులకు పోగా మిగిలిన కరెంటును డిస్కంకు యూనిట్ 4.63 రూపాయలకు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. ఆ ధరకు 2000 యూనిట్లు అమ్మితే రోజుకు 9,260 రూపాయలు. మామ పంట తొమ్మిది నెలల్లో 20 టన్నులు, అంటే రోజుకు సుమారు 74 కిలోలు. లైట్లు అమ్మేవాడి మాటే నిజమై పంట రెట్టింపైందనుకుందాం. అదనపు 74 కిలోలను కిలో 50 చొప్పున అమ్మితే 3,700 రూపాయలు. లైట్ల ఖర్చు కలపకుండానే రోజుకు ఐదు వేల పైచిలుకు నష్టం. ఆ కరెంటును బల్బులో పోయడం కన్నా గ్రిడ్‌కు అమ్ముకోవడం మేలు. ఎకానమీ నోట్సులో మనం అవకాశ వ్యయం అని రాసుకునేది ఇదే.

"కానీ నెదర్లాండ్స్‌లో..."

ఈ మాట మీరు అంటారని తెలుసు. నేనూ అన్నాను. నెదర్లాండ్స్ 52 డిగ్రీల అక్షాంశంలో ఉంది. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. బయట పడే వెలుగే నాలుగైదు మోల్‌లు. అక్కడ చలికాలంలో టమాటా పండాలంటే లైటు కావాల్సిందే. కోసాడ్ 21 డిగ్రీల్లో ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. అక్కడి మందు ఇక్కడి రోగానికి ఎందుకు?

పైగా అక్కడ కూడా ఆ లెక్క కరెంటు ధర మీద ఆధారపడింది. 2021-22లో యూరప్‌లో గ్యాస్, కరెంటు ధరలు ఎగబాకినప్పుడు చాలామంది డచ్ గ్రోయర్లు లైట్లు ఆర్పేశారు. పూర్తిగా బల్బుల మీదే బతికే వర్టికల్ ఫార్మింగ్ సంగతి చూడండి. మన నోట్సుల్లో భవిష్యత్తు అని రాసుకున్న కంపెనీల్లో ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. బోవరీ 2024 నవంబరులో మూతపడింది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. పెట్టుబడి కొరత లేని అమెరికన్ కంపెనీలకే మోయలేని భారమైతే, సిద్దిపేట రైతు మోస్తాడని ఏ ధైర్యంతో రాస్తున్నాం?

ఇంకో రెండు వాదనలు వింటాను. "వానాకాలంలో మబ్బులుంటాయి కదా, అప్పుడైనా లైట్లు కావాలి కదా?" మబ్బు మొక్కకు మాత్రమే పట్టదు, ప్యానెల్‌కూ పడుతుంది. మొక్కకు వెలుగు తగ్గిన రోజే కరెంటూ తగ్గుతుంది. మామూలు బ్యాటరీ ఒక రాత్రిని దాటిస్తుంది కానీ ఆషాఢ శ్రావణాలను దాటించలేదు. రెండోది, "ఆకు ఎరుపు, నీలం వెలుగే వాడుకుంటుంది, మిగతాది వృథా, అందుకే గులాబీ లైటు." ఆకులో ఆకుపచ్చ వెలుగు కూడా కిరణజన్య సంయోగక్రియకు బాగానే పనికొస్తుందని మెక్‌క్రీ 1972లోనే కొలిచి చూపించాడు. సూర్యుడి తెల్లటి వెలుగులో మొక్కకు లోటేమీ లేదు.

అసలు కొరత ఏది?

1905లో బ్లాక్‌మన్ చెప్పిన పరిమిత కారకాల సూత్రం బయాలజీలో మనమందరం చదివాం. వేగం మొత్తాన్ని అన్నిటికన్నా కొరతగా ఉన్న కారకం నిర్ణయిస్తుంది. మిగతావి ఎంత పెంచినా ఫలితం ఉండదు. మరి మన పాలీహౌస్‌లో కొరత దేనికి?

ఏప్రిల్‌లో ఏ పాలీహౌస్‌కైనా వెళ్లి చూడండి. రైతు లోపల షేడ్‌నెట్ లాగి ఉంటాడు. ఎందుకు? ఎండ ఎక్కువై పూత రాలుతోందని, కాయ మాడుతోందని. వచ్చే వెలుగును ఆపడానికి నెట్‌కు డబ్బు పెట్టిన రైతుకే, వెలుగు చాలడం లేదని లైట్లు అమ్ముతున్నారు. ఇది మామకు చెబితే కాసేపు నవ్వి, తర్వాత మౌనంగా ఉండిపోయాడు.

మన దగ్గర సమస్య వేడి. ఆ తర్వాత నీళ్లు. కోసిన తర్వాత సరుకు పాడైపోకుండా నిలబెట్టుకోవడం ఇంకో సమస్య. ఈ మూడింటికీ సోలార్ అచ్చంగా సరిపోతుంది. ఎండ మండే వేళకే ఫ్యాన్లు తిరగాలి, ఆ వేళకే ప్యానెల్ నిండుగా కరెంటు ఇస్తుంది. తడి ప్యాడ్‌ల గుండా గాలి లాగే ఫ్యాన్ అండ్ ప్యాడ్ పాలీహౌస్‌లో మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే లోపల పంట ఉడికిపోతుంది. అక్కడ 10 కిలోవాట్ల సోలార్ నిజంగా పంటను కాపాడుతుంది. డ్రిప్ మోటారుకు అయితే 2019లో పీఎం-కుసుమ్ వచ్చింది. అందులో విడిగా నడిచే సోలార్ పంపులకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతాది రైతు వాటాగా పెట్టారు. మార్కెట్ ధర పడిపోయిన రోజు సరుకు ఆపుకోవడానికి చిన్న కోల్డ్ రూమ్ కూడా ఆ కరెంటుతోనే నడుస్తుంది.

మన ఎండ ఎంత మిగులో తెలియాలంటే మా సూరత్ జిల్లాలోని వస్తాన్ చూడాలి. అక్కడా, ఆణంద్ జిల్లా అమ్రోల్‌లోనూ గుజరాత్ ఇండస్ట్రీస్ పవర్ కంపెనీ ఎత్తైన స్టాండ్ల మీద ప్యానెళ్లు నిలబెట్టి, కింద పంటలు వేసేలా ఒక్కో మెగావాట్ ప్లాంట్లు కట్టింది. పైన ప్యానెల్ కొంత ఎండ తీసుకున్నా కింద పంటకు మిగులుతుందన్న నమ్మకం మీదే ఆ ప్లాంట్లు నిలిచాయి. ఒకే రాష్ట్రంలో ఒకచోట పంటకు నీడ ఇస్తూ కరెంటు తీస్తుంటే, ఇంకోచోట అదే కరెంటుతో పంటకు లైటు వేయమని జవాబు రాయడం ఎలా కుదురుతుంది?

మరి లైటు ఎక్కడా వద్దా?

కావాలి. ఇక్కడే మన నోట్సు రెండు వేరు విషయాలను కలిపేస్తోంది. మొక్కకు వెలుగు రెండు పనులు చేస్తుంది. ఒకటి తిండి, రెండోది గడియారం. తిండికి మోల్‌ల కొద్దీ వెలుగు కావాలి. గడియారానికి చిటికెడు చాలు.

1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ మేరీలాండ్ మామత్ అనే పొగాకు మీద, సోయా మీద పనిచేసి, పూత ఎప్పుడు రావాలో పగటి పొడవును బట్టి మొక్క నిర్ణయించుకుంటుందని చూపించారు. నిజానికి మొక్క కొలిచేది రాత్రి పొడవును. ఆకులోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ కొలత తీసుకుంటుంది. చామంతి రాత్రి పొడవైతేనే పూస్తుంది. నడిరాత్రి కాసేపు లైటు వేస్తే రాత్రి చిన్నదని అది అనుకుంటుంది. కాడ కావలసినంత ఎత్తు పెరిగేదాకా పూత ఆపి, ఆ తర్వాత లైట్లు ఆర్పి పండగ గిరాకీకి పూలు తీయవచ్చు. బెంగళూరు చుట్టుపక్కల రాత్రి బస్సులో వెళ్తూ బల్బులు వెలిగే చామంతి తోటలు చూసే ఉంటారు. అవి తిండి పెట్టే లైట్లు కావు, గడియారం తిప్పే లైట్లు.

గుజరాత్ ప్రభుత్వం 2021 జనవరిలో కమలం అని పేరు పెట్టిన డ్రాగన్ ఫ్రూట్ దీనికి ఉల్టా. పగలు పొడవుగా ఉంటేనే పూస్తుంది. వియత్నాంలోని బిన్ థువాన్‌లో చలికాలం రాత్రుళ్లు తోటలకు బల్బులు వేసి సీజన్ కాని కాలంలో కాయలు తీస్తారు.

ఖర్చు చూడండి. చామంతి అరెకరానికి చదరపు మీటరుకు ఒక వాట్ చొప్పున 2 కిలోవాట్ల బల్బులు, నాలుగు గంటలు. మొత్తం 8 యూనిట్లు. తిండి లైటుకు 2000 యూనిట్లు, గడియారం లైటుకు 8 యూనిట్లు. 250 రెట్ల తేడా. ఈ 8 యూనిట్లను కొద్ది కిలోవాట్ల ప్యానెల్, ఒక బ్యాటరీ హాయిగా ఇస్తాయి. సోలార్ లైటు రైతుకు నిజంగా పనికొచ్చే చోటు ఇది. దీనితోపాటు టిష్యూ కల్చర్ ల్యాబులు, నారు పెంచే గదులు ఉన్నాయి. అక్కడ చిన్న జాగాలో వేల మొక్కలుంటాయి కాబట్టి తిండి లైటు ఖర్చూ కిట్టుతుంది. క్యాప్సికం తోటకు ఆ వీలు లేదు.

ఇది సబ్సిడీ ప్రశ్న కూడా

ఎంఐడీహెచ్ కింద పాలీహౌస్ నిర్మాణ వ్యయంలో సగం సబ్సిడీగా వస్తుంది. రాష్ట్రం ఏర్పడిన తొలి ఏళ్లలో తెలంగాణ దాన్ని 75 శాతానికి తీసుకెళ్లింది. మంచి ఉద్దేశమే. కానీ సామాను ఖర్చును బట్టి సాయం ఇచ్చే ఏ పథకంలోనైనా అమ్మేవాడికి ఎక్కువ సామాను అంటగట్టాలనే ఆశ పుడుతుంది. పంటకు ఏది కొరత అని ఎవరూ అడగరు, కొటేషన్‌లో ఏమేం చేర్చవచ్చు అని చూస్తారు. ఇప్పుడు ఈ లైట్లను కూడా సబ్సిడీ జాబితాలో చేర్చాలని మన "వే ఫార్వర్డ్" పేరాలు అడుగుతున్నాయి. ఆ డబ్బు రైతు జేబులో నిలవదు, అతని ఖాతా మీదుగా అమ్మేవాడికి చేరుతుంది. రైతు వాటా అప్పు మాత్రం రైతు దగ్గరే ఉంటుంది.

మామకు ఇచ్చిన పాంప్లెట్ నా దగ్గరుంది. "ఏడాది పొడవునా పంట", "వాతావరణ మార్పులను తట్టుకునే సాగు", "రైతు ఆదాయం రెట్టింపు". నా జవాబు పత్రం పక్కన పెట్టి చూశాను. రెండింట్లో మాటలు అవే. ఆ పాంప్లెట్ రాసినవాడికి అమ్మకం కావాలి, నాకు మార్కులు కావాలి. ఇద్దరం లెక్క వేయలేదు.

"పరీక్షలో ఇంత లెక్క ఎక్కడ రాస్తాం, ఏడు నిమిషాల్లో?" అంటారు. నిజమే. రాయాల్సింది ఒక్క వాక్యమే: "భారత్‌లో రక్షిత సాగుకు ప్రధాన కొరత వెలుగు కాదు, వేడి, నీరు, నిల్వ, కాబట్టి సౌరశక్తిని శీతలీకరణ, పంపులు, కోల్డ్ రూమ్‌లకు కేటాయించి, లైట్లను చామంతి, డ్రాగన్ ఫ్రూట్ వంటి పంటల్లో పూత నియంత్రణకు పరిమితం చేయాలి." ఇందులో కీవర్డులు తక్కువేమీ కావు. తేడా ఏమిటంటే ఇది నిజం.

మనలో కొందరం రేపు ఉద్యాన శాఖ ఫైలు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటాం. అప్పుడు ఎదురుగా కొటేషన్ ఉంటుంది, పక్కన మా మామలాంటి మనిషి నిలబడి ఉంటాడు. నోట్సులో చదివిన వాక్యమే గుర్తొస్తే సంతకం పెట్టేస్తాం. అందుకే ఇప్పుడే ఆ పేజీ తీసి వాక్యం కొట్టేయండి. కింద మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ పంటకు కొరత దేనికి? రోజుకు చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు? అదే కరెంటు ఇంకెక్కడ వాడితే రైతుకు ఎక్కువ మిగులుతుంది?

సాధన ప్రశ్న: "రక్షిత సాగులో సౌరశక్తి వినియోగం పంట అవసరాన్ని బట్టి ఉండాలి గానీ పరికరాన్ని బట్టి కాదు." చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)